ఊరివాళ్ల మాటల్లో అమెజాన్‌ను చదివిన బేట్స్

సాంఘికశాస్త్రం పుస్తకంలో అమెజాన్ ఒక నీలిరంగు గీత. దాని పక్కన పిల్లలు కంఠస్థం చేసే నాలుగు ముక్కలు ఉంటాయి: పెద్ద నది, వర్షారణ్యం, అనకొండ, రబ్బరు. ఆ గీత వెనక ఉన్న అసలు నదిని ఓపిగ్గా చదివిన ఒక మనిషి గురించి ఈసారి చెప్పుకుందాం. ఆయన హెన్రీ వాల్టర్ బేట్స్. సీతాకోకచిలుకల శాస్త్రవేత్తగా ప్రపంచానికి తెలిసినవాడు. మేము ఈయన్ని ఎంచుకున్నది మాత్రం ఇంకో కారణంతో. ఆ నదిని ఆయన ఏ భాషలో నేర్చుకున్నాడన్నది మన బడులకు దగ్గరి సంగతి.

బేట్స్ 1825 ఫిబ్రవరి 8న ఇంగ్లండులోని లెస్టర్‌లో పుట్టాడు. అది మేజోళ్ల ఊరు, తండ్రిదీ మేజోళ్ల వ్యాపారమే. పదమూడో ఏట బడి ముగిసింది. ఇంకో మేజోళ్ల వ్యాపారి దగ్గర పనికి పెట్టారు. గిడ్డంగి ఊడవడంతో మొదలయ్యే పని, ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా, వారానికి ఆరు రోజులు. చదువంతా ఆ తర్వాతే. పనివాళ్ల కోసం నడిచే మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో రాత్రిపూట లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. సెలవు దొరికితే ఊరి బయట పెంకుపురుగుల వేట. పద్దెనిమిదేళ్లకే, 1843లో, పెంకుపురుగుల మీద ఆయన రాసిన చిన్న వ్యాసం ఒక పత్రికలో అచ్చయింది.

మరుసటి ఏడు లెస్టర్‌లోని ఒక బడికి ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అనే కుర్ర మాస్టారు వచ్చాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఒక్క ఊరి చుట్టుపక్కల అన్ని వందల రకాల పెంకుపురుగులు ఉంటాయని బేట్స్ పెట్టెలు చూసేదాకా వాలెస్‌కు తెలియదు. జీవజాతులు ఇన్ని రకాలుగా ఎలా వచ్చాయన్న ప్రశ్న ఇద్దరినీ పట్టుకుంది. జవాబు వెతకడానికి ఉష్ణమండలం వెళ్లాలి, చేతిలో డబ్బు లేదు. పట్టిన పురుగుల్నీ పక్షుల్నీ లండన్‌లోని ఏజెంటు శామ్యూల్ స్టీవెన్స్‌కు పంపితే ఆయన మ్యూజియాలకూ సేకరణ సరదా ఉన్నవాళ్లకూ అమ్ముతాడు. ఆ డబ్బుతోనే అక్కడ బతకాలి. 1848 ఏప్రిల్ 26న లివర్‌పూల్‌లో ఓడ ఎక్కి, మే నెలాఖరుకు అమెజాన్ ముఖద్వారం దగ్గరున్న పరా పట్టణం (నేటి బెలెమ్) చేరారు. వాలెస్‌కు అప్పుడు 25 ఏళ్లు, బేట్స్‌కు 23.

కొన్నాళ్లు కలిసి తిరిగారు. 1850లో బర్రా (నేటి మనౌస్) దగ్గర దారులు వేరయ్యాయి. వాలెస్ నల్లనీటి రియో నీగ్రో మీదుగా పైకి పోయాడు, బేట్స్ ప్రధాన నదిని పట్టుకున్నాడు. నాలుగేళ్లు తిరిగిన వాలెస్ 1852లో ఇంటికి బయల్దేరితే, నడిసముద్రంలో ఓడ తగలబడి వెంట తెచ్చుకున్న సేకరణ దాదాపు అంతా పోయింది. బేట్స్ ఉండిపోయాడు, మొత్తం పదకొండేళ్లు.

ఆ నది స్వభావం కొంత చెప్పుకోకపోతే ఆయన పని అర్థం కాదు. పొడవు సుమారు 6400 కిలోమీటర్లు, పరీవాహకం 60 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట. మన గోదావరి పొడవు 1465 కిలోమీటర్లు, పరీవాహకం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ప్రపంచంలోని నదులన్నీ సముద్రానికి మోసే నీటిలో దాదాపు ఐదో వంతు ఈ ఒక్క నదిదే. అయినా నేల మాత్రం చాప పరిచినట్టు చదును. సముద్రం నుంచి 1500 కిలోమీటర్లు లోపలికి పోయినా మనౌస్ దగ్గర నది ఎత్తు కొద్ది పదుల మీటర్లే. ఆటుపోటుల వల్ల నీరు ఎక్కడం, తీయడం యానాం వాళ్లకు కొత్త కాదు. అమెజాన్‌లో నీరు తక్కువగా ఉన్న రోజుల్లో ఆ సముద్రపు పోటు జాడ సుమారు 800 కిలోమీటర్ల లోపలున్న ఓబిడోస్ దాకా తెలుస్తుంది.

నీళ్లు కూడా ఒక రంగువి కావు. ఆండీస్ కొండల మట్టిని మోసుకొచ్చే ప్రధాన నది పాలు కలిపిన టీలా ఉంటుంది. అడవిలో ఆకులు నాని దిగిన రసంతో రియో నీగ్రో నల్లగా ఉంటుంది. తపజోస్ తేట నీరు. మనౌస్ దగ్గర నల్లనీరూ బురదనీరూ కలవకుండా కిలోమీటర్ల దూరం పక్కపక్కనే పారతాయి.

గోదావరి వరద రెండు మూడు రోజుల్లో వచ్చి భయపెట్టి పోతుంది. అమెజాన్ వరద నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. బేట్స్ ఎక్కువ కాలం ఉన్న ప్రాంతంలో ఏటా పది, పన్నెండు మీటర్ల ఎత్తున నీరు లేస్తుంది. అడవికి అడవే నడుముల దాకా, మెడల దాకా నీటిలో నిలబడుతుంది. అప్పుడు చేపలు అడవిలోకి పోతాయి. తంబకీ అనే పెద్ద చేప చెట్ల కింద కాచుకుని, రాలిన పళ్లు తింటుంది, గింజల్ని దూరాలకు మోస్తుంది. నీరు తీశాక ఇసుక దిబ్బలు బయటపడతాయి, తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వాటి మీదకు వస్తాయి. అక్కడివాళ్ల కాలెండరులో ముఖ్యమైనవి ఎండాకాలం, వానాకాలం కావు. నీరు పెరిగే కాలం, నీరు తీసే కాలం. బేట్స్ కూడా ఏడాదిని ఆ లెక్కలోనే చెప్పడం అలవాటు చేసుకున్నాడు.

బర్రా నుంచి ఎగా (నేటి తెఫే) అనే ఊరికి ఆయన ప్రయాణం 35 రోజులు పట్టింది. తిన్నగా కొలిస్తే 500 కిలోమీటర్ల చిల్లర దూరం. గాలి వీస్తే తెరచాప. లేకపోతే చిన్న పడవలో ముందుకు పోయి ఒడ్డున చెట్టుకు మోకు కట్టి, దాన్ని పట్టుకుని పెద్ద పడవను ఎదురు ప్రవాహంలో లాక్కోవడం. 1850 మే 1న చేరాడు. సరస్సు ఒడ్డున తాటాకు కప్పుల ఇళ్లు, వెయ్యి పైచిలుకు జనం. మొదటిసారి ఏడాది ఉన్నాడు. డబ్బు అందలేదు, బూట్లు అరిగిపోయి వట్టి కాళ్లతో నడిచాడు, చదవడానికి ఏమీ లేక పాత పత్రికల్ని ప్రకటనలతో సహా మళ్లీ మళ్లీ చదివాడు. తిరిగి పరా వచ్చేసరికి 1851లో పచ్చజ్వరం వ్యాపించి ఉంది. వాలెస్ తమ్ముడు హెర్బర్ట్ దాంతోనే పోయాడు. అతనికి సేవ చేసిన బేట్స్‌కూ అంటుకుంది, బతికి బయటపడ్డాడు. కోలుకున్నాక శాంతారెమ్‌లో మూడేళ్ల పైన గడిపి, 1855లో మళ్లీ ఎగాకే వెళ్లాడు. రెండు దఫాలూ కలిపి అక్కడ నాలుగున్నరేళ్లు.

రోజూ పొద్దున తొమ్మిది, పది గంటలకు అడవిలోకి వెళ్లి మధ్యాహ్నం రెండు, మూడు దాకా తిరిగేవాడు. భుజాన తుపాకి, చేతిలో వల, చొక్కాకు ఎడమవైపు గుండుసూదుల దిండు, అందులో ఆరు సైజుల సూదులు. పట్టిన పురుగుల్ని ఆరబెట్టే పెట్టెల్ని దూలానికి తాళ్లతో వేలాడదీసేవాడు. చీమలు దిగకుండా తాళ్లకు చేదు నూనె రాశాడు. ఎలుకలు దిగకుండా తాడు మధ్యలో సొరబుర్ర డిప్పను బోర్లించి కట్టాడు. ఇది చదివినప్పుడు మాకు అమ్మమ్మల ఇళ్లలోని ఉట్టి గుర్తొచ్చింది. అవసరం ఒకటే అయితే తెలివీ ఒకలాగే పనిచేస్తుంది కాబోలు.

ఆకులు కోసుకుపోయే సౌబా చీమలతో మాత్రం ఆయన వల్ల కాలేదు. ఒక రాత్రి అవి ఇంట్లోకి బారులు తీరి కర్రపెండలం పిండి బుట్టల్ని ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాయి. ఆ పిండే అక్కడ రోజువారీ తిండి. (మన సేలం, సామర్లకోట సగ్గుబియ్యానికి మూలమైన దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాయే.) చెక్క చెప్పులతో తొక్కి చూశారు, లాభం లేదు. చివరికి చీమల బారుల వెంట తుపాకి మందు చల్లి నిప్పు పెట్టాల్సి వచ్చింది. సౌబాలు ఆకుల్ని పుట్టకు కప్పుగా వాడతాయని బేట్స్ అనుకున్నాడు. అది పొరపాటు. ఆ ఆకుల మీద అవి బూజు పండించుకుని తింటాయని తర్వాతి కాలంలో తేలింది.

కమెతా ప్రాంతంలో ఒక పెద్ద సాలీడు పిచ్చుకంత పిట్టను పట్టి ఉండగా కళ్లారా చూశాడు. అంతకు 150 ఏళ్ల ముందు మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి అలాంటి బొమ్మ వేస్తే పండితులు నమ్మలేదు. అక్కడే ఒక ఇంటి పిల్లలు అలాంటి సాలీడు నడుముకు తాడు కట్టి కుక్కపిల్లను తిప్పినట్టు ఇల్లంతా తిప్పుతుంటే కూడా చూశాడు.

ఇక భాష సంగతి. పోర్చుగీసు ప్రభుత్వ భాష, చర్చి భాష. ఎగాలో ఇళ్లలో వినిపించేది లింగ్వా జెరాల్. తూపీ భాషను ఆధారం చేసుకుని జెసూట్ పాదరీలు వ్యాప్తి చేసిన ఉమ్మడి మాట అది. రకరకాల తెగలవాళ్లు ఒకరితో ఒకరు దాంట్లోనే మాట్లాడుకునేవారు. బేట్స్ పోర్చుగీసుతో ఆగకుండా దాన్నీ నేర్చుకున్నాడు. నది గురించి అడగాలంటే మాట్లాడాల్సింది పడవవాళ్లతో, వేటగాళ్లతో, పిల్లలతో, మరి. ఆ మాటల్లోనే సగం పాఠం ఉంది. అడవిలోకి పాయలుగా చీలే వాగును ఇగరపే అంటారు, అంటే పడవదారి. రెండు మూడు మీటర్లు పెరిగే చేపను పిరరుకు అంటారు, పిర అంటే చేప, ఉరుకు అంటే ఎర్రరంగునిచ్చే జాఫ్రా గింజ. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పండే ఆ జాఫ్రాయే. పొలుసుల అంచు ఎరుపు చూడని పిల్లవాడికి కూడా పేరు వినగానే చేప కళ్లకు కడుతుంది.

ఊరివాళ్లు చెప్పిందల్లా నిజమని ఆయన రాసుకోలేదు. గులాబీరంగు డాల్ఫిన్ పొడవాటి జుట్టున్న అందగత్తెగా మారి ఎగా వీధుల్లో తిరుగుతుందనీ, యువకుల్ని నీళ్లలోకి లాక్కుపోతుందనీ జనం చెప్పుకునేవారు. దాని నూనెతో దీపం పెడితే కళ్లు పోతాయన్న భయంతో దాన్ని చంపేవారు కాదు. బేట్స్ ఆ కథను కథగానే రాశాడు. రెక్కపురుగు కాలక్రమంలో తేనెపిట్టగా మారుతుందని ఇంకో నమ్మకం. రెండూ పువ్వు ముందు గాలిలో నిలబడి తేనె తాగుతాయి. నవ్వడానికి లేదు, పిట్ట అనుకుని ఆయనే ఎన్నోసార్లు ఆ పురుగును తుపాకితో కొట్టాడు.

ఎగాలో ప్రతి ఇంటి పెరట్లో తాబేళ్లకు ఒక మడుగు ఉండేది, మనకు కోళ్ల గూడు ఉన్నట్టు. ఏడాదంతా ఆ మాంసమే తిని తిని బేట్స్‌కు మొహం మొత్తింది. కానీ ఆయన లెక్క కూడా వేశాడు. ఏటా ఎన్ని జాడీల తాబేలు గుడ్ల నూనె కిందికి పోతుందో, వాడకానికి ఇక్కడే ఎంత ఉంటుందో, ఒక్కో జాడీకి ఎన్ని గుడ్లు పడతాయో లెక్కించి, ఏడాదికి 4 కోట్ల 80 లక్షల గుడ్లు నాశనమవుతున్నాయని తేల్చాడు. వెనకటి కంటే తాబేళ్లు తగ్గాయని పెద్దలు అప్పటికే అనేవారు. నూనె దేనికి? దీపాలకు, వేపుళ్లకు.

తెల్లని బొచ్చు, కుంకుమ పూసినట్టున్న ముఖం గల ఉవకారి కోతిని ఆయన అక్కడే పరిశీలించాడు. జపురా నది కలిసే చోట, వరదలో మునిగే అడవిలోనే అది కనిపిస్తుందనీ, బంధిస్తే ఎక్కువ కాలం బతకదనీ గమనించాడు. ఒక నదికి ఈ ఒడ్డున ఒక రకం కోతి, ఆ ఒడ్డున ఇంకో రకం ఉంటాయని వాలెస్ కూడా 1852లో చెప్పాడు. నది అంటే నీళ్లే కాదు, సరిహద్దు కూడా.

మేము చెప్పాలనుకున్న సంగతి ఎగాలో ఆఖరి ఏడు జరిగింది. జపురా వైపు తెగల మధ్య పోట్లాటల్లో చిక్కిన పిల్లల్ని వర్తకులు కొని తెచ్చి ఊళ్లలో ఇళ్లపనికి అమ్మేవారు. చట్టం ఒప్పదు కాబట్టి దానికి విడిపించడం అని మంచి పేరు పెట్టుకున్నారు. బేట్స్ సహాయకుడు అలా ఇద్దరు పిల్లల్ని తెచ్చాడు, ఒక అబ్బాయి, ఒక చిన్న పాప. పాప పేరు ఓరియా. వచ్చేటప్పటికే చలిజ్వరంతో వణుకుతూ ఉంది. ఆ ఇంట్లో ఆమెకు సొంతమన్నది ఏదీ లేదు, తన ఊళ్లో తోటిపిల్లలతో కలిసి నేర్చుకున్న పదాలు తప్ప. మంచం మీద పడుకుని వాటినే గంటల తరబడి లయగా వల్లిస్తూ ఉండేది. తన తెగ బతుకులోని వస్తువులు, సంగతులు, అవే నాలుగు వాక్యాలు మళ్లీ మళ్లీ. కొద్ది రోజులకు చనిపోయింది.

ఊరి పెద్దలు వద్దన్నా బేట్స్ పట్టుబట్టి, తెల్లవాళ్ల బిడ్డకు చేసే మర్యాదలన్నీ ఆ పాపకు చేయించాడు. సన్నని బట్ట కట్టి, తలకు పూల కిరీటం పెట్టి సాగనంపారు. అలాంటి పిల్లలు ఎగాలో, దారిలో ఎందరో చనిపోతారని ఆయనే రాశాడు. బేట్స్‌ను మేము ఇక్కడ దేవుణ్ణి చెయ్యడం లేదు. ఆ పద్ధతిలోని అన్యాయం ఆయనకు తెలుసు, అయినా ఆ పిల్లలు వచ్చింది ఆయన ఉంటున్న ఇంటికే. స్థానిక తెగలవారి తెలివి గురించి ఆయన చేసిన కొన్ని తీర్పులు ఈనాడు చదివితే ఇబ్బందిగా ఉంటాయి. పద్నాలుగు వేల జీవులకు పేర్లు, చీటీలు పెట్టిన మనిషి ఆ పాప వల్లించిన పదాలు వేటి గురించో రాశాడు గాని, ఆ మాటల్ని పుస్తకంలో రాయలేదు. ఎన్నిసార్లు చదివినా మేము ఆగిపోయే చోటు అదే.

జ్వరాలతో ఆరోగ్యం చెడి 1859 జూన్‌లో పరా నుంచి బయల్దేరాడు. వాలెస్ ఓడ సంగతి గుర్తుంది కాబట్టి తన సొంత సేకరణను మూడు ఓడల్లో విడివిడిగా పంపాడు. మొత్తం 14,712 రకాల జీవులు, వాటిలో 14,000 పురుగులే. సుమారు 8000 రకాలు అప్పటికి శాస్త్రానికి తెలియనివి. పదకొండేళ్లకు ఆయనకు మిగిలింది దాదాపు 800 పౌన్లు.

ఇంటికొచ్చి పెట్టెలు సర్దుతుంటే అసలు రహస్యం బయటపడింది. హెలికోనియస్ జాతి సీతాకోకచిలుకలు రంగురంగుల రెక్కలతో నింపాదిగా ఎగురుతాయి, ఐనా పక్షులు వాటి జోలికి పోవు. అవి తినడానికి పనికిరాని చేదు సరుకు. వాటి మధ్యే, చూడ్డానికి అచ్చం వాటిలాగే ఉన్నా, వేరే కుటుంబానికి చెందిన చిలుకలు కొన్ని తిరుగుతున్నాయి. వీటిలో చేదు లేదు, వేషం మాత్రమే ఉంది. నది వెంట ఊరు మారితే చేదు చిలుక రంగులు మారతాయి, దాన్ని అనుకరించేది కూడా అక్కడ ఆ కొత్త వేషంలోనే కనిపిస్తుంది. పోలిక సరిగా కుదరని వాటిని పక్షులు ఏరి తినేస్తూ ఉంటే, తరతరాలుగా పోలిక మెరుగుపడుతూ వస్తుందని బేట్స్ వివరించాడు. 1861 నవంబర్‌లో లినియన్ సొసైటీలో ఈ వ్యాసం చదివాడు. డార్విన్ సిద్ధాంతం వచ్చి అప్పటికి రెండేళ్లే. దానికి ప్రకృతిలో ఇంత స్పష్టమైన ఉదాహరణ దొరికినందుకు డార్విన్ ఎంతో సంతోషించి, తానే దాని మీద సమీక్ష రాశాడు.

దీన్ని చూపించడానికి అమెజాన్ దాకా పోనక్కర్లేదు. బడి ఆవరణలో కరివేపాకు, నిమ్మ మొక్కలుంటే కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక గుడ్లు పెట్టడానికి వస్తుంది. వాటిలో కొన్ని ఆడవాటి వెనక రెక్కల మీద ఎర్ర మచ్చలుంటాయి. ఈశ్వరి తీగ తిని పెరిగి ఒంట్లో విషం నింపుకునే కామన్ రోజ్ చిలుక వేషం అది. బెంగళూరులోనైనా బరంపురంలోనైనా టీచర్లు పిల్లలచేత రెండింటినీ పక్కపక్కన బొమ్మ గీయిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

డార్విన్ ప్రోత్సాహంతోనే బేట్స్ తన ప్రయాణాల పుస్తకం రాశాడు. 1863లో రెండు సంపుటాలుగా వచ్చిన ఆ పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దక్కలేదు. 1864లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో అసిస్టెంట్ సెక్రటరీగా చేరి, చనిపోయేదాకా అదే కుర్చీలో ఉన్నాడు. ఇతరుల యాత్రల వ్యాసాలు దిద్దడం, యాత్రికులకు సలహాలివ్వడం పగటి పని. రాత్రిపూట పెంకుపురుగులు, లెస్టర్‌లో కుర్రతనంలో చేసినట్టే. 1881లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. మళ్లీ అమెజాన్ చూడలేదు. 1892 ఫిబ్రవరి 16న లండన్‌లో కన్నుమూశాడు. రంగుల బొమ్మలతో నిండిన ఆయన నోటుపుస్తకాలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి.

ఆయన నేర్చుకున్న భాష ఏమైందో చెప్పకపోతే మా పాఠకులు ఊరుకోరు. ఎగా పేరు తెఫేగా మారింది, అక్కడ ఇప్పుడు వినిపించేది పోర్చుగీసే. అయితే లింగ్వా జెరాల్ నేటి రూపమైన నియెన్‌గతూ రియో నీగ్రో ఎగువన బతికే ఉంది. 2002లో అక్కడి సావో గాబ్రియెల్ పురపాలక ప్రాంతం పోర్చుగీసుతో పాటు నియెన్‌గతూ, తుకానో, బనీవా భాషలను కూడా అధికార భాషలుగా చేస్తూ చట్టం తెచ్చింది.